“తాలా దియేచి” అన్నాడు బైరాగి

మర్నాడు పొద్దున్న బైరాగిని కోర్టుకి తీసుకెళ్తారు. ఈలోపల ఏదో ఒకటి తేలకపోతే, కారు బ్రేకులు పాడుచేసి మనిషిని చంపబోయాడన్న కేసు వాడి మెడకి చుట్టుకుంటుంది. ఆసుపత్రిలో పడున్న మనిషి కన్నుమూస్తే అదే ఖూనీ కేసవుతుంది. బైరాగి పెళ్ళాం సన్యాసమ్మ ఈ సంగతి నా టాక్సీ తలుపు పట్టుకుని చెప్పింది. ఏడవలేదు. ఏడుపంతా పోలీస్ స్టేషన్ మెట్ల మీదే అయిపోయిందట.

“పోలిరాజన్నియ్యా, కారుకి కడుపునొప్పొస్తే తన కడుపట్టుకునే మనిసి ఆయన. అలాటోడు కారెందుకు పాడుసేత్తాడు?” అంది.

ఆ మాట నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక వానాకాలం నా టాక్సీ ఖిదిర్‌పూర్ వంతెన కింద మునిగిపోయి వారానికి తేలింది. బైరాగి దాని పక్కన కూర్చుని ఓ పూటంతా ఏదో మాట్లాడాడు. ఆ తర్వాత స్టార్ట్ చేస్తే సైలెన్సర్లోంచి ముందు నీళ్ళు వచ్చాయి, తర్వాత ఇలిశ చేప వచ్చింది, ఆఖర్న పొగ వచ్చింది. చేపని పులుసు పెట్టుకున్నాం. బండి ఇప్పటికీ నడుస్తోంది. అలాంటివాణ్ణి లాకప్పులో పెట్టారని విన్నాక బేరం కోసం చూస్తూ ఎలా కూర్చుంటాను? సన్యాసమ్మని ఎక్కించుకుని తిన్నగా టికియాపారా పోనిచ్చాను, లోయిసమ్మ గారి దగ్గరికి.

లోయిసమ్మ గారిది రైల్వే క్వార్టర్లలో ఇల్లు. వాళ్ళ తాతల నాడు భీమునిపట్నం వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఆవిడ ముప్ఫై ఏళ్ళు రైల్వే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని, జనం మాటల్ని ఒక తీగలోంచి ఇంకో తీగలోకి పంపించారు. రిటైరయ్యాక ఆ జనమే తమ చిక్కులు పట్టుకుని ఆవిడ గుమ్మంలోకి రావడం మొదలెట్టారు. పోయిన నగలు, మాయమైన అల్లుళ్ళు, దొంగ సాక్ష్యాలు. భూతద్దం ఆవిడ ఎప్పుడూ పట్టుకోలేదు. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, అంతే. హౌరా వంతెనకి అవతల ఎవడైనా అబద్ధమాడితే ఇవతల ఆవిడకి తుమ్ము వస్తుందని నేను చాలామందికి చెప్పాను. సగంమంది నమ్మారు. మిగతా సగంమంది ఆవిణ్ణి ఇంకా చూడలేదు.

సన్యాసమ్మ చెప్పిందంతా విని ఆవిడ చెప్పులేసుకున్నారు.

*

బైరాగి పనిచేసే గ్యారేజీ గార్డెన్ రీచ్‌లో, ఓడలు కట్టే యార్డు గోడ పక్కన ఉంది. మామూలు రిపేర్ల షాపు కాదు. పగలు ఆఫీసుల్లో ఫైళ్ళు తిప్పే బాబులు సాయంత్రం అక్కడికి వచ్చి చొక్కాలు విప్పేస్తారు. పాత కార్లు తెచ్చి, వెనక సీట్లు పీకేసి, లోపల ఇనప గొట్టాలతో పంజరం కట్టించి, ఒక కార్బురేటర్ ఉండే చోట రెండు పెట్టించి, ప్రతి చలికాలం కొండల మీద జరిగే ర్యాలీకి తయారవుతారు. అక్కడ తయారైన ఫియట్ ఒకటి ఎంత జోరుగా పోయిందంటే, దాని నీడ వెనకపడిపోయి మర్నాటికి గానీ సిలిగురి చేరలేదని చెప్పుకుంటారు. మొదట చెప్పింది నేనే.

వాళ్ళందరిలో పేరున్నవాడు తపోబ్రత మిత్ర. ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం, ముప్ఫై ఐదు దాటని వయసు. పైకప్పు కోసేసిన ఎర్ర హెరాల్డ్ కారు అతనిది. పక్క సీట్లో కూర్చుని దారి చెప్పేది అతని చెల్లెలు ఇంద్రాణి. ర్యాలీలో తోలేవాడు ఒకడు, ముందు ఏ మలుపు వస్తుందో కాగితం చూసి అరిచి చెప్పేవాళ్ళు ఒకరు. అన్నా చెల్లెళ్ళు కలిసి పోటీకి వెళ్ళడం కలకత్తాలో వీళ్ళతోనే మొదలట.

ఆ తపోబ్రతే మొన్న సాయంత్రం గ్యారేజీ బయట రోడ్డు మీద హెరాల్డ్‌ని పరీక్ష కోసం తోలుతూ గోడని గుద్దాడు. తల పగిలింది. ఇంకా తెలివి రాలేదు.

మేం వెళ్ళేసరికి గ్యారేజీలో ఎస్సై నిశీథ్ హల్దార్ ఉన్నాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి. ఖైదీల్ని కొట్టే రకం కాదు. తను తెలివైనవాణ్ణని గట్టిగా నమ్మే రకం. లోయిసమ్మ గారిని చూసి నమస్కారం పెట్టాడు గానీ కుర్చీ చూపించలేదు. కేసు ముగిసిందని, వినాలని సరదా ఉంటే చెప్తానని అన్నాడు. ఆవిడ సరదా ఉందన్నారు.

అతను చెప్పింది ఇదీ. గుద్దుకోవడానికి ముందు రోజు సాయంత్రం దాకా బ్రేకులు బాగానే ఉన్నాయి, నలుగురూ తొక్కి చూశారు. ఆ రాత్రి గ్యారేజీకి తాళం పడింది. మర్నాడు పగలంతా కారు చుట్టూ జనమే, ఎవరూ కిందకి దూరలేదు. సాయంత్రం బ్రేకు పడలేదు. తర్వాత చూస్తే బ్రేకు ఆయిల్ పైపు నట్టు పానాతో వదులు చేసి ఉంది, నాలుగైదుసార్లు తొక్కేసరికి ఆయిలంతా కారిపోయేలా. అంటే చేసిన పని తాళం పడిన రాత్రే చేశారు. తాళం ఎవరూ పగలగొట్టలేదు. దానికి చెవులు రెండు. ఒకటి ఓనరు అనిమేష్ బాబుది. ఆయన ఆ రాత్రి బర్ద్వాన్‌లో మేనకోడలి పెళ్ళి పందిట్లో ఉన్నాడు, పొద్దున్నే వచ్చి తన చెవితోనే తలుపు తీశాడు. రెండోది బైరాగిది. పైగా బైరాగికి తపోబ్రతకి గొడవయింది. తపోబ్రత కారు ముందు ఆరు దీపాలు కావాలన్నాడు. డైనమో మొయ్యదని బైరాగి మొండికేశాడు. పదిమంది ముందు మాటా మాటా అనుకున్నారు.

“వీటన్నిటికీ పైన వాడే ఒప్పుకున్నాడు,” అన్నాడు హల్దార్. “నేను మూడుసార్లు అడిగాను దీదీ. మూడుసార్లూ ఒకటే మాట. ‘దాదా, తాలా దియేచి.’ అన్నా, నేను తాళం వేశాను అని. వేసింది వాడు, చెవి వాడి దగ్గర. ఇంక గాలి వచ్చి నట్టు విప్పిందా?”

“ఆ చెవి దొరికిందా బాబూ?”

“లేదు. గంగలో పారేసి ఉంటాడు.”

“పారేశానన్నాడా?”

“అది చెప్పడు.”

“తాళం వేశానని మూడుసార్లు చెప్పినవాడు అదొక్కటీ ఎందుకు దాస్తాడు?”

హల్దార్ నవ్వాడు. “టెలిఫోన్లో నెంబర్లు కలిపినంత తేలిక కాదు దీదీ, కేసులు కలపడం.”

“నిజమే బాబూ,” అన్నారు లోయిసమ్మ గారు. “అక్కడ తప్పు నెంబరు కలిస్తే పెట్టెయ్యొచ్చు.”

అతని నవ్వు పోయింది. పొద్దున్న కోర్టు టైముకి ముందు స్టేషన్‌కి వస్తే ఖైదీని చూడనిస్తానని, అంతకంటే తను చెయ్యగలిగింది లేదని చెప్పి జీపెక్కాడు. పొద్దున్న కాదు, ఈ సాయంత్రమే వస్తామని ఆవిడ జీపు కిటికీలోకి చెప్పారు. కాదనలేక తల ఊపి వెళ్ళిపోయాడు.

*

ఇంద్రాణి అక్కడే ఒక పాత టైరు మీద కూర్చుని ఉంది. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి. రెండు రోజులుగా ఆసుపత్రిలో నిద్రలేని కళ్ళు. బైరాగి ఈ పని చేశాడంటే తనకి నమ్మబుద్ధి కావడం లేదని ఆమే ముందుగా అంది. గుద్దిన చోటు చూపిస్తానని మాతో నడిచింది.

బయటికి వెళ్ళేటప్పుడు లోయిసమ్మ గారు ఒకచోట ఆగారు. కార్ల కింద పని చెయ్యడానికి నేలలో తవ్విన గొయ్యి అంచు చుట్టూ తెల్లటి సున్నం కొట్టి ఉంది. గుమ్మం మెట్టుకి కూడా. ఎవరు కొట్టారని అడిగితే దాదాకి ఈ ఏడు పట్టిన శుభ్రం పిచ్చి అని ఇంద్రాణి చెప్పింది.

గేటు నుంచి రోడ్డు తిన్నగా పోయి, యార్డు గోడ దగ్గర కుడికి తిరుగుతుంది. ఆ గోడ మీద పోయిన ఎన్నికలనాటి సుత్తీ కొడవలీ ఉన్నాయి. కొడవలి పిడి దగ్గర ఇటుకలు రాలి, వాటికి ఎర్ర రంగు అంటుకుంది. అది పార్టీ ఎరుపు కాదు, హెరాల్డ్ ఎరుపు. దానికి ఎడమ పక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో మనిషెత్తు ఇసక కుప్ప ఉంది. ఎవరూ ముట్టుకోని కుప్ప. దాని ముందు సున్నం కొట్టిన డ్రమ్ము.

ఇసక ఎందుకని ఆవిడ అడిగారు. ఆ ముందు రోజే దాదా బండి మీద తోలించాడని, మలుపు దగ్గర కారు జారితే తగులుకోవడానికి అన్నాడని ఇంద్రాణి చెప్పింది. ఆవిడ రోడ్డు మీద టైరు చారల వెంట వెనక్కి నడిచారు. చారలు చాలా ముందు నుంచే మొదలయ్యాయి. హెరాల్డ్‌కి వెనక టైర్లు వెడల్పువి, ముందువి సన్నవి. రోడ్డు మీదున్నవి రెండే చారలు, రెండూ వెడల్పువే. వెనక చక్రాలు మాత్రమే బిగుసుకోవాలంటే చేత్తో హ్యాండ్‌బ్రేకు లాగాలి. అది నాకు తెలుసు గనక చెప్పాను.

“బ్రేకు పడకపోతే నువ్వు ముందేం చేస్తావు పోలిరాజూ?” అని అడిగారు ఆవిడ.

“తొక్కుతానండి. పడకపోతే మల్లీ తొక్కుతాను. అప్పుడు దేవుణ్ణి తలుసుకుంతాను. హ్యాండుబ్రేకు గుర్తొచ్చీసరికి గోడొచ్చెత్తాది.”

“ఇతనికి ముందే గుర్తొచ్చింది,” అని ఆవిడ చారలు మొదలైన చోట నిలబడ్డారు. అక్కడి నుంచి ఇసక కుప్పని చూశారు. గోడని చూశారు. ఆవిడ అలా నిలబడితే లారీలు కూడా హారన్ కొట్టకుండా చుట్టూ తిరిగి పోతాయి. ఆ రోజు పోయాయి, నేను చూశాను.

తర్వాత ఇంద్రాణిని ఒకే సంగతి అడిగారు, ఆ సాయంత్రం ఆమె కార్లో ఎందుకు లేదని.

“ఎక్కాను మాసీమా,” అంది ఇంద్రాణి. “గేటు దగ్గర దాదా కారు ఆపి దిగిపొమ్మన్నాడు. నా హెల్మెట్ పట్టీ బాగాలేదట. బాగానే ఉందన్నాను. ఒక్క రౌండు వేసి వస్తాను, నువ్వు దిగు అన్నాడు. ఆరేళ్ళలో నేను లేకుండా ఎప్పుడూ తోలలేదు.”

ఈమధ్య ఏమైనా మారాడా అంటే, కొంచెం ఆలోచించి, మలుపులు ఇంకా ముందుగా, ఇంకా గట్టిగా చెప్పమంటున్నాడని అంది. పోయినేడు దాకా ఎందుకంత అరుస్తావు అనేవాడట. ఈ ఏడు తన గొంతు విలువ తెలిసిందని సంతోషించిందట.

లోయిసమ్మ గారు ఆమె మొహంలోకి చూసి, మాతో స్టేషన్‌కి రమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు.

*

ఇంద్రాణీ సన్యాసమ్మా వెనక కూర్చున్నారు, లోయిసమ్మ గారు నా పక్కన. ట్రాము లైను దగ్గరికి వచ్చాం. అప్పుడు తెలుగులో, మామూలుగా ఊసుపోక అడిగినట్టు అడిగారు.

“పోలిరాజూ, నీ బండి ఒక పూట ఇంకొకడికి అప్పగించావనుకో. మీ ఆవిడ బండేదీ అని అడిగితే ఏమంటావు?”

“తాలం ఇచ్చీసినానంతాను.”

“అదే మాట బెంగాలీలో చెప్పు.”

“అదెంతసేపండి. తాలా...” అన్నాను. “తాలా దియే...”

బ్రేకు తొక్కాను. నా బ్రేకు పడింది గనక ఈ కథ చెప్తున్నాను. వెనక ట్రాము గంట కొడుతూనే ఉంది.

ఇప్పుడు నెమ్మదిగా చెప్తాను. మనం గుమ్మానికి బిగించేదాన్ని తాళం అంటాం, దాన్ని తీసే చెవినీ తాళం అనేస్తాం. “తాళం వేశాను” అంటే మూసినట్టు. “తాళం ఇచ్చాను” అంటే చెవి ఇంకొకళ్ళ చేతిలో పెట్టినట్టు. బెంగాలీవాళ్ళకి అలా కాదు. వాళ్ళ తాలా అంటే గుమ్మానికి బిగించేది ఒక్కటే, చెవిని చాబీ అంటారు. దియేచి అంటే ఇచ్చాను. కానీ తాలా దియేచి అంటే వాళ్ళకి తాళం ఇచ్చినట్టు కాదు, వేసినట్టు. బైరాగి మన తెలుగు మాటని ఉన్నదున్నట్టు తీసుకెళ్ళి బెంగాలీలో పెట్టాడు. వాడు ఇచ్చానని చెప్తే హల్దార్ వేశానని విన్నాడు. మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ వాడు నిజమే చెప్పాడు, ఆ నిజంతోనే వాణ్ణి లోపల పెట్టారు.

“అయితే ఎవులికిచ్చినాడండి?” అన్నాను.

“అదీ చెప్పాడుగా. మనవాళ్ళు బెంగాలీ మాట్లాడితే ‘కి’లూ ‘కు’లూ మింగేస్తారు. ‘దాదా, తాలా దియేచి.’ ఆ దాదా పిలుపు కాదు, దాదాకి అని.”

దాదా అంటే మా వాట్‌గంజ్‌లో ఓడరేవు దగ్గర మామూళ్ళు గుంజే రౌడీ కూడా. మీసాలు ఇంతింతవి, నేనోసారి వాటికి బట్టలు ఆరేసి ఉండగా చూశాను. వాడికా అని అడిగితే లోయిసమ్మ గారు తల అడ్డంగా ఊపి, వెనక్కి తిరిగి ఇంద్రాణిని చూశారు. ఇంద్రాణి కిటికీలోంచి బయటికి చూస్తోంది. మా తెలుగు ఆమెకి రాదు.

*

స్టేషన్‌లో లాకప్పు ఎస్సై గది పక్కనే. ఊచల వెనక బైరాగి గొంతుక్కూర్చుని ఉన్నాడు. సన్యాసమ్మని చూసి లేచాడు. తిన్నావా అని ఆమె అడిగితే తిన్నానన్నాడు, అబద్ధం అని ఇద్దరికీ తెలుసు. లోయిసమ్మ గారు తెలుగులో మొదలెట్టగానే హల్దార్ తనకి అర్థమయ్యేలా మాట్లాడమన్నాడు. ప్రతి మాటా బెంగాలీలో చెప్తానని ఆవిడ మాటిచ్చారు.

“బైరాగీ, గ్యారేజీ తాళం ఏదయ్యా?”

“సెప్పినాను కదమ్మా. దాదాకిచ్చీసినాను. ఈ బాబుకి ముమ్మారు సెప్పినాను. రాసుకున్నాడు కూడాను. మల్లీ మల్లీ అదే అడుగుతాడు. నాను ఏటి సెయ్యను?”

“ఏ దాదాకి?”

“ఎర్రకారు దాదాకి. ఆ రాత్రి కూసేపు కార్లో కూకుంతానన్నాడు. శానాసార్లు అలాగే కూకుంతాడు, ఒక్కడూను. ఆయన కారు, ఆయన కూకుంతే నాకేటి? తాలం ఇచ్చీసి ఇంటికెల్లిపోనాను.” ఊచల దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. “దాదాకేటీ తెలీదమ్మా. ఆయన కాడినించి ఎవులో కొట్టేసుంతారు. ఆయన్నేటీ అనకండి.”

లోయిసమ్మ గారు ఇదంతా బెంగాలీలో చెప్పి, తాలా సంగతి కూడా విడమర్చారు. హల్దార్ తెలివితక్కువవాడు కాదు. వింటూంటే అతని చెవులు ఎర్రబడ్డాయి. కానీ తేరుకున్నాడు.

“బాగుంది దీదీ. తాలా విషయం ఒప్పుకుంటాను. మరి ఇచ్చింది ఎవరికంటాడు? తెలివిలేకుండా పడున్నవాడికి. కాదనడానికి అతను లేవడుగా. గ్యారేజీలో ప్రతివాడూ ఎవడికో ఒకడికి దాదాయే. వీడు ఇవాళ ఈ దాదా అంటాడు, రేపు లాయరొచ్చి చెప్తే ఇంకో దాదా అంటాడు. మీ భాషలో చెప్పినంత మాత్రాన నిజమైపోదు. నాకు ఇంకొకరి సాక్ష్యం కావాలి.”

“అందుకే తీసుకొచ్చాను,” అని ఆవిడ ఇంద్రాణిని లోపలికి పిలిచారు.

ఆమె కూర్చుంటూండగా కరెంటు పోయింది. కలకత్తాలో అదొక వింత కాదు. కానిస్టేబులు కొవ్వొత్తి వెలిగించి బల్ల మీద నిలబెట్టాడు. లోయిసమ్మ గారు ముందూ వెనకా ఏమీ చెప్పకుండా, మీ గ్యారేజీలో దాదా అంటే ఎవరమ్మా అని అడిగారు.

“దాదా అంటే దాదాయే. ఇంకెవరు?” అంది ఇంద్రాణి. “మిగతావాళ్ళకి పేరు కలుపుతాం. అనిమేష్‌దా, బాపీదా అని. ఉత్త దాదా అని నేనొక్కదాన్నే పిలుస్తాను. బైరాగికి తపోబ్రత అని నోరు తిరగదు, నన్ను చూసి వాడూ దాదా అంటాడు. ఎందుకు?”

హల్దార్ చేతిలో కలం ఆగిపోయింది. గది తలుపు దగ్గర సన్యాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది, ఒక్క మాట అర్థం కాకుండా, అందరి మొహాలూ చూస్తూ.

అప్పుడు లోయిసమ్మ గారు చెప్పారు. గొంతు పెంచలేదు, ఫోన్లో పొరుగూరి కబురు చదివినట్టు చెప్పారు. తపోబ్రతకి రేచీకటి. వెలుగు తగ్గితే కళ్ళు ఆనవు. అందుకే ఆరు దీపాలు, అందుకే గోతికీ మెట్టుకీ సున్నం, అందుకే మలుపులు గట్టిగా చెప్పమనడం. ఈ ఏడంతా అతను చెల్లెలి గొంతుతో కారు తోలాడు. కొండల మీద రాత్రిపూట అలా తోలితే ఆమె కూడా పోతుందని తెలుసు. తోలలేనని చెప్పడానికి నోరు రాలేదు. చిన్న ప్రమాదమైతే పరువుతో మానెయ్యొచ్చు. నట్టు వదులు చేశాడు, ఇసక పోయించాడు, చెల్లెల్ని దింపేశాడు, సరైన సమయానికే హ్యాండ్‌బ్రేకు లాగాడు. చీకటి పడే వేళ ఆ తెల్ల డ్రమ్ము కూడా కనపడలేదు. పక్కన ఎడమ అని చెప్పే మనిషి లేదు.

“అబద్ధం,” అంది ఇంద్రాణి. చాలా నెమ్మదిగా అంది. “ఈసారి వద్దు అని ఒక్క మాట అంటే నేనే మానేసేదాన్ని.”

“ఆ ఒక్క మాట అనలేకే కదమ్మా ఇసక పోయించాడు.”

హల్దార్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. అతను మాట్లాడింది ఆమెకి మేలు చెయ్యాలనే, అది నేను ఒప్పుకోవాలి. “మిస్ మిత్రా, కంగారుపడకండి. ఆలోచించి చెప్పండి. మీ అన్నగారు లేచాక ఆయన పేరు, ఆయన ఉద్యోగం, ఇవన్నీ ఉంటాయి. గ్యారేజీలో అందరూ దాదాలే కదా? ఆ బైరాగి ఎవర్ని అన్నాడో మీకెలా తెలుస్తుంది? తెలీదని చెప్తే నేను అలాగే రాసుకుంటాను.”

తెలీదు అంటే చాలు. పొద్దున్న బైరాగి కోర్టుకి, వాళ్ళన్న పరువు ఇంటికి. ఆ గదిలో అందరికీ అది అర్థమైంది, భాష రాని సన్యాసమ్మకి కూడా. కొవ్వొత్తి కారి బల్ల మీద గడ్డకట్టింది. ఇంద్రాణి దాన్నే చూస్తూ మొదలెట్టింది.

“కరెంటు పోతే మా ఇంట్లో అందరం గోడ పట్టుకునే నడుస్తాం. కరెంటు వచ్చాక కూడా దాదా గోడ వదిలేవాడు కాదు. నేను నవ్వేదాన్ని.”

చేతిసంచి తెరిచింది. లోపల వెతుక్కోలేదు, అది ఎక్కడుందో చేతికి తెలుసు. ఒక ఇత్తడి తాళంచెవి తీసి హల్దార్ కాగితాల మీద పెట్టింది.

“ఆసుపత్రిలో దాదా జేబులో ఉందని నా చేతికిచ్చారు. మా ఇంటిదేననుకున్నాను. మొన్నట్నుంచీ ప్రతి తలుపుకీ, ప్రతి బీరువాకీ పెట్టి చూస్తున్నాను,” అంది. “దేనికీ పట్టడం లేదు.”